సముద్ర పటాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

తెరచాప పడవల్లో దూరప్రయాణాలు చేస్తున్నవారి నుంచి, చేయడానికి సిద్ధపడుతున్నవారి నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. చేతిలో ఉన్న నౌకాయాన పటం చెప్పే లోతులూ, చూపే రాళ్లూ నిజంగా అక్కడే ఉన్నాయా అన్నది ఆ సందేహం. ఇంజన్ల గురించి, తెరచాపల కుట్టుపని గురించి రాసినవారు మన్నించాలి. వారి ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ సంచికలో పటాల విషయమే తీసుకుంటున్నాను.

ప్రశ్న: పగడపు దిబ్బల నడుమ ఉన్న ఒక చిన్న దీవి పక్కన లంగరు వేసుకొని ఉండగా, చార్ట్‌ప్లాటర్ (పటం మీద పడవ చోటును చూపే పరికరం) తెరపై మా పడవ ఆ దీవి మధ్యలో, నేల మీద ఉన్నట్లు కనిపించింది. జీపీఎస్ చెడిపోయిందేమోనని రెండో పరికరం పెట్టి చూశాం. అదీ అదే చోటు చూపింది. తప్పు ఎక్కడుంది?

జవాబు: రెండు పరికరాలూ ఒకే మాట చెప్పాయి కాబట్టి మీ పడవ అక్షాంశ రేఖాంశాలు సరైనవేనని అనుకోవచ్చు. సరిగా లేనిది ఆ దీవిని పటం మీద నిలబెట్టిన చోటు. ఈ మాట వినగానే పటం గీసినవారి మీద కోపం రావడం సహజమే గాని, వారు ఏ పనిముట్లతో కొలిచారో తెలిస్తే ఆ కోపం నిలవదు. పంతొమ్మిదో శతాబ్దపు సర్వే నౌక ఒక మారుమూల దీవికి చేరితే, దాని అధికారులు ఒడ్డున దిగి, సూర్యుణ్ణీ నక్షత్రాలనూ సెక్స్‌టెంట్ అనే కోణాలు కొలిచే పనిముట్టుతో చూసి, నౌకలోని క్రోనోమీటరు అనే గడియారం చూపే కాలంతో పోల్చి ఆ చోటి రేఖాంశాన్ని లెక్కగట్టేవారు. భూమి 4 నిమిషాల కాలంలో 1 డిగ్రీ తిరుగుతుంది. ఆ లెక్కన గడియారం 4 సెకన్లు తప్పితే రేఖాంశంలో 1 నిమిషం, అంటే భూమధ్యరేఖ దగ్గర దాదాపు 1 నాటికల్ మైలు, మన కొలతలో 1,852 మీటర్లు తేడా వస్తుంది. నెలల తరబడి సముద్రంలో ఊగుతూ వచ్చిన గడియారం 4 సెకన్లు మాత్రమే తప్పిందంటే అది మంచి గడియారమే.

అలా స్థిరపరచిన ఒక్క బిందువును ఆధారం చేసుకొని, కోణాలు కొలుస్తూ దీవి తీరాన్నీ రాళ్లనూ లోతులనూ దాని చుట్టూ అమర్చేవారు. అందువల్ల దీవిలోని వస్తువులన్నీ ఒకదానికొకటి సరైన దూరంలోనే ఉంటాయి; మొత్తం దీవి మాత్రం ఉన్నది ఉన్నట్లుగా కొంత పక్కకు జరిగి ఉంటుంది. ఆ కాలపు నావికుడికి దీనివల్ల కలిగిన నష్టం తక్కువ. తీరం కనబడగానే అతడు కొండ శిఖరాన్నీ దీపస్తంభాన్నీ దిక్సూచితో చూసి, వాటిని బట్టే తన చోటును పటం మీద గుర్తించుకొనేవాడు. పటం జరిగి ఉంటే అతడూ పటంతో పాటే జరిగేవాడు. దీవితో సంబంధం లేకుండా ఆకాశం నుంచి చోటు చెప్పే జీపీఎస్ వచ్చాక ఈ పొత్తు చెడింది. 1995లో పూర్తిస్థాయిలో అందుబాటులోకి వచ్చిన ఆ వ్యవస్థలో పౌరుల వాడకానికి ఉద్దేశపూర్వకంగా కలిపిన లోపాన్ని 2000 మే నెల మొదట్లో తొలగించారు. అంతవరకు 100 మీటర్ల తేడాతో పలికిన పరికరం ఆ తరువాత కొద్ది మీటర్ల తేడాతో పలకసాగింది. కొలిచే సాధనం కంటే పటం వెనుకబడిపోయిన పరిస్థితి చిన్న పడవలవారికి అప్పటి నుంచి నిత్యానుభవమైంది.

రెండో కారణం డేటమ్. భూమి ఆకారాన్ని ఒక్కొక్క దేశం ఒక్కొక్క లెక్కలో ఊహించుకొని, దాని ప్రకారం అక్షాంశ రేఖాంశాల వలను తన పటాల మీద పరచుకొంది. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్-84 అనే లెక్క. పాత పటం వేరే డేటమ్ మీద ఉంటే, రెండింటికీ మధ్య కొన్ని వందల మీటర్ల తేడా ఉండవచ్చు. కాగితపు పటమైతే శీర్షిక కింద ఉండే చిన్న అక్షరాల గమనికలో, ఉపగ్రహం చెప్పిన చోటును ఎన్ని నిమిషాలు ఏ దిక్కుకు జరిపి గుర్తించాలో రాసి ఉంటుంది. తేడా ఎంతో నిర్ణయించడం సాధ్యం కాలేదని ఆ గమనికలో ఉంటే మాత్రం, ఆ పటం మీద జీపీఎస్ చోటును గుర్తుపెట్టడమే పొరపాటు. ఎలక్ట్రానిక్ పటం డబ్ల్యూజీఎస్-84 అని చెప్పుకున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు; వల మారి ఉంటుంది గాని, దాని కింద ఉన్నది నాటి గడియారపు సెకన్లతో కొలిచిన దీవి కావచ్చు.

ఇది పాత కాలపు పటాలకే పరిమితమని కూడా అనుకోవద్దు. 2013 జనవరి 17న అమెరికా నౌకాదళపు యూఎస్‌ఎస్ గార్డియన్ అనే నౌక ఫిలిప్పీన్స్‌కు చెందిన తుబ్బతహా పగడపు దిబ్బపైకి ఎక్కింది. ఆ తరువాత పరిశీలిస్తే, వారు వాడే డిజిటల్ పటంలో ఆ దిబ్బ అసలు చోటికి సుమారు 8 నాటికల్ మైళ్ల దూరంలో గీసి ఉందని తేలింది. పటం తప్పుతో పాటు నౌకాధికారుల అజాగ్రత్తనూ విచారణ తప్పుపట్టింది. చివరకు ఆ నౌకను దిబ్బ మీదే ముక్కలుగా కోసి తొలగించవలసి వచ్చింది.

మీరు చేయదగినది ఇది. రాడార్ ఉంటే దాని చిత్రాన్ని పటం మీద పరచి చూడండి; రాడార్‌లోని తీరమూ పటంలోని తీరమూ ఎంత దూరం విడిపోయాయో వెంటనే తెలుస్తుంది. రాడార్ లేకపోతే చేతి దిక్సూచితో రెండు మూడు గుర్తుల దిక్కు చూసి గీతలు గీయండి. అయితే ఒక అఖాతంలో కనుగొన్న తేడాను పక్క అఖాతానికి అంటగట్టకండి. ఆ రెండింటినీ వేర్వేరు కాలాల్లో వేర్వేరు నౌకలు కొలిచి ఉండవచ్చు.

ప్రశ్న: నా పటాలను నిన్ననే అప్‌డేట్ చేశాను. అవి సరికొత్తవే అనుకోవచ్చు కదా?

జవాబు: అనుకోకూడదు. మీరు నిన్న చేర్చుకున్నవి సవరణలు మాత్రమే: జరిపిన బోయాలు (నీటి మీద తేలే గుర్తులు), ఆరిపోయిన దీపాలు, కొత్తగా బయటపడిన శిథిలాలు. వాటి కింద ఉన్న లోతు అంకెల వయసు వేరు. పటం ముద్రించిన సంవత్సరం, సవరించిన సంవత్సరం, సముద్రాన్ని కొలిచిన సంవత్సరం అనే మూడింటిలో మీ కీల్ (పడవ అడుగున కిందికి దిగి ఉండే భాగం) కింద లెక్కకు వచ్చేది మూడోదే.

1930ల వరకు లోతును కొలిచింది సీసపు గుండు కట్టిన తాడుతో. గుండు నేల తాకినప్పుడు తాడు మీది గుర్తు చూసి లోతు రాసుకొనేవారు. గుండు అడుగున ఉన్న గుంటలో కొవ్వు పూసి, దానికి అంటుకొని వచ్చిన ఇసుకనో బురదనో చూసి నేల స్వభావాన్ని గుర్తించేవారు. గుండు తాకిన చోట ఆ కొలత చాలావరకు సరైనదే. తాకని చోట ఏముందో కొలిచినవారికీ తెలియదు. తరువాత వచ్చిన, శబ్దపు ప్రతిధ్వనితో లోతు కొలిచే ఎకో సౌండర్ నౌక నడిచిన దారి పొడుగునా లోతు చెప్పింది గాని, ఒక దారికీ మరో దారికీ మధ్య ఉన్న నేల అప్పటికీ చీకటే. సర్వే పత్రం మీద ఈ దారులను సుమారు 5 మిల్లీమీటర్ల ఎడంలో వేసేవారు. 1:50,000 స్కేలులో అది 250 మీటర్లు. 20 మీటర్ల వెడల్పున్న రాతి కొమ్ము ఆ ఖాళీలో ఏ కొలతకూ చిక్కకుండా దాగి ఉండగలదు. పక్కలను కూడా వినగలిగే సైడ్‌స్కాన్ సోనార్ 1970లలోనూ, అడుగునంతటినీ తుడిచినట్లు కొలిచే మల్టీబీమ్ 1990లలోనూ వాడుకలోకి వచ్చాక గాని ఈ ఖాళీలు పూడటం మొదలు కాలేదు.

1992 ఆగస్టు 7న క్వీన్ ఎలిజబెత్-2 అనే పెద్ద ప్రయాణికుల నౌక అమెరికా తూర్పు తీరంలో కటీహంక్ దీవి దగ్గర అడుగున రాళ్లకు రాసుకుంది. నౌక డ్రాఫ్టు, అంటే నీటిలో మునిగి ఉండే లోతు, 32 అడుగుల పైచిలుకు. అక్కడ పటం చూపిన లోతు 39 అడుగులు. ఆ లోతులు 1939 సర్వే నాటివి. వేగంగా పోయే నౌక లోతు తక్కువైన నీటిలో మరికాస్త కిందికి దిగుతుంది. ఆ దిగుదలను నౌకవారు తక్కువగా అంచనా వేశారు. పటంలో లేని రాయీ, లెక్కలోకి రాని దిగుదలా ఒకే చోట కలిశాయి. అంతటి నౌకలు తిరిగే, ఎంతో ముఖ్యమైన తీరంలోనే యాభై ఏళ్ల నాటి కొలతలు ఉంటే, సరుకు నౌకలు రాని, రావలసిన అవసరం లేని దీవుల మాట చెప్పనక్కరలేదు. సర్వే నౌకలు వర్తక మార్గాల వెంట వెళతాయి. మనం వెళ్లేది ఎవరూ వెళ్లని చోట్లకు.

ప్రశ్న: మా పడవ డ్రాఫ్టు 2 మీటర్లు. పటంలో 4 మీటర్ల లోతు ఉన్న చోట ధైర్యంగా వెళ్లవచ్చా? పటంలో కనిపించే ఏ, బి, సి అక్షరాలకు దీనితో సంబంధం ఏమైనా ఉందా?

జవాబు: సంబంధం ఉండటమే కాదు, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ అక్షరాల్లోనే ఉంది. అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ (సముద్రాన్ని కొలిచి పటాలు గీసే పనికి సంబంధించిన) సంస్థ ప్రమాణాల ప్రకారం పటంలోని ఒక్కొక్క ప్రాంతానికి, అక్కడి కొలతలను ఎంత నమ్మవచ్చో తెలిపే ఒక తరగతి ఇస్తారు. ఏ1, ఏ2, బి, సి, డి అనేవి ఆ తరగతులు. ఇంకా అంచనా వేయని ప్రాంతానికి యు అని రాస్తారు. పెద్ద నౌకల ఎలక్ట్రానిక్ పటాల్లో ఇవే నక్షత్రాలుగా కనిపిస్తాయి: ఏ1కు ఆరు, అక్కడి నుంచి ఒక్కొక్కటి తగ్గుతూ డి తరగతికి రెండు.

మీ 4 మీటర్లనే తీసుకుందాం. ఏ1 తరగతిలో లోతు తేడా అర మీటరూ, దానిపైన లోతులో 1 శాతమూ ఉండవచ్చు. అంటే నిజమైన లోతు దాదాపు మూడున్నర మీటర్ల వరకు తగ్గవచ్చు. మీకు ఇబ్బంది లేదు. బి తరగతిలో తేడా 1 మీటరూ, లోతులో 2 శాతమూ, కనుక 2.9 మీటర్ల వరకు తగ్గవచ్చు. అల లేని నీటిలో వెళ్లగలరు. సి తరగతిలో తేడా 2 మీటర్లూ, లోతులో 5 శాతమూ. లెక్క వేయండి: 4 మీటర్లలో 2.2 తీసివేస్తే మిగిలేది 1.8. మీ కీల్ నేలను తాకింది. పటం మీద మూడు చోట్లా రాసి ఉన్నది అదే 4 అంకె.

లోతు తేడా కంటే చోటు తేడా మరింత కలవరపెడుతుంది. ఏ1లో ఒక రాయి పటం చూపిన చోటికి 5 మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. బి తరగతిలో 50 మీటర్లు. సి తరగతిలో 500 మీటర్లు. రెండు దిబ్బల మధ్య దారి 300 మీటర్ల వెడల్పున ఉండి, తరగతి సి అయితే, పటంలోని దారిలోకి సూటిగా నడిపిన పడవ నిజంగా దిబ్బ మీదికే వెళుతూ ఉండవచ్చు. బి తరగతి నుంచే అడుగునంతటినీ వెతికినట్లు కాదని, పటంలో లేని ఆటంకం ఉండే వీలుందని గుర్తుంచుకోవాలి. సి దగ్గర లోతుల్లో అనుకోని మార్పులు ఉంటాయని ముందే అనుకోవాలి. డి దగ్గర అవి పెద్దవిగా ఉంటాయని అనుకోవాలి.

విచిత్రమేమిటంటే, పటంలో అన్నిటికన్నా ముందు చదవవలసిన ఈ సమాచారం చిన్న పడవల చార్ట్‌ప్లాటర్లలో కొన్నింట ఎక్కడో మెనూ లోపల దాగి ఉంటుంది. కనపడకపోతే పటం ముఖం చూసే కొంత పసిగట్టవచ్చు. లోతు అంకెలు తిన్నని వరుసల్లో నడుస్తూ వరుసల మధ్య ఖాళీలు ఉంటే అది పాత కొలత. లోతు గీతలు మధ్యలో తెగిపోతూ చుక్కలుగా మారితే, గీసినవారికే నమ్మకం చాలలేదని అర్థం. అంకెలే లేని తెల్లటి జాగాను చూసి చాలామంది అక్కడ ఏమీ లేదని సంతోషిస్తారు; అక్కడ ఎవరూ కొలవలేదని మాత్రమే దాని భావం.

ప్రశ్న: కాగితపు పటాలు కొనడం దండగ అని నా భర్త అంటారు, తెరను పెద్దది చేసి చూస్తే ఎంత వివరమైనా కనిపిస్తుందని ఆయన వాదన. నాకు ఎందుకో ధైర్యం చాలడం లేదు. ఎవరి మాట సరైనది?

జవాబు: కాగితం విషయంలో ఆయన మాట కాలానికి తగినదే. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా తన సంప్రదాయ కాగితపు పటాలను ఉపసంహరిస్తున్నట్లు 2019లోనే ప్రకటించి, తరువాతి కొన్నేళ్లలో ఆ పని పూర్తిచేసింది. కాని తెరను పెద్దది చేయడం గురించి ఆయన చెప్పినదానిలో ఒక ప్రమాదకరమైన భ్రమ ఉంది. మీ అధైర్యానికి గట్టి ఆధారమే ఉంది.

1:1,50,000 స్కేలులో గీసిన కాగితం మీద 1 మిల్లీమీటరు అంటే సముద్రంలో 150 మీటర్లు. పెన్సిల్ చుక్క పెట్టగానే అది ఎంత నీటిని కప్పిందో కంటికి తెలుస్తుంది. అంతకంటే సూక్ష్మంగా పటాన్ని నమ్మకూడదని కాగితమే హెచ్చరిస్తుంది. అదే సమాచారాన్ని తెర మీద పదింతలు పెద్దది చేస్తే గీతలు సన్నగా, పడవ గుర్తు చిన్నగా, అంతా ఎంతో ఖచ్చితంగా ఉన్నట్లు కనిపిస్తుంది. కొత్త సమాచారం ఒక్క చుక్క కూడా చేరి ఉండదు. పరికరం తెర అంచున చిన్న హెచ్చరిక చూపుతుంది గాని దాన్ని పట్టించుకొనేవారు తక్కువ.

తెరను చిన్నది చేసినప్పుడు జరిగేది ఇంకా కీడు. వెక్టర్ పటం ఒక బొమ్మ కాదు, ఒక పట్టిక. ఏ స్కేలులో ఏ వస్తువు కనిపించాలో అందులో ముందే రాసి ఉంటుంది. తెర గజిబిజి కాకుండా, దూరం నుంచి చూసినప్పుడు చిన్న చిన్న రాళ్లూ అంకెలూ మాయమవుతాయి. 2014 నవంబర్ 29న వోల్వో ఓషన్ రేస్ అనే తెరచాప పడవల పందెంలో పాల్గొంటున్న టీమ్ వెస్టాస్ విండ్ పడవ రాత్రిపూట హిందూ మహాసముద్రంలో, మారిషస్‌కు ఈశాన్యంగా ఉన్న కార్గడోస్ కరజోస్ దిబ్బల మీదికి దూసుకెళ్లింది. అది కొన్ని పదుల కిలోమీటర్ల పొడవున్న దిబ్బల వరుస. వృత్తి నావికులు, మంచి పరికరాలు, సరైన పటాలు అన్నీ ఉన్నాయి. దారి నిర్ణయించేటప్పుడు తెరను తగినంత దగ్గరకు తెచ్చి ఆ ప్రాంతాన్ని చూడలేదు. ప్రాణాపాయం తప్పడం వారి అదృష్టం.

రాస్టర్ పటం అంటే కాగితపు పటానికి తీసిన ఫోటో లాంటిది. దానిలో మీకై మీరు ఏదీ దాచలేరు, పరికరమూ దాచదు. నా అలవాటు చెబుతాను: వెక్టర్ పటం మీద దారి వేశాక, ఆ గీత మొదటి నుంచి చివరి వరకు, ఆ ప్రాంతానికి దొరికే అతిపెద్ద స్కేలులో, రెండు వైపులా చూస్తూ వేలితో నడిచినట్లు వెళతాను. విసుగు పుట్టించే పని, గంటలు పడుతుంది. పరికరం తనంతట తాను దారి వేసే సదుపాయం ఉంటే దాన్ని వాడండి గాని, ఆ తరువాత ఈ విసుగును మాత్రం తప్పించుకోకండి. కాగితం విషయానికి వస్తే, ఒక్క పిడుగుతో తెరలన్నీ ఒకేసారి ఆరిపోవచ్చు కాబట్టి, పెద్ద ప్రాంతాన్ని చూపే రెండు మూడు పటాలు పడవలో ఉండాలన్న మీ పట్టుదలను వదులుకోవద్దు.

ప్రశ్న: పటంలో ఒక రాయి పక్కన ‘ఈడీ’ అనీ, ఇంకో చోట ‘పీఏ’ అనీ అక్షరాలు ఉన్నాయి. ఉందో లేదో తెలియని రాయిని పటంలో ఎందుకు ఉంచుతారు?

జవాబు: పీఏ అంటే రాయి ఉంది, చోటు మాత్రం సుమారుగా తెలుసు. పీడీ అంటే చోటు సందేహాస్పదం. ఎస్డీ అంటే రాసిన లోతు సందేహాస్పదం. ఈడీ అంటే అసలు అది ఉన్నదన్న మాటే సందేహం. ఎవరో ఒక నావికుడు ఎప్పుడో తెల్లటి నురగనో, రంగు మారిన నీటినో చూసి కబురు పంపాడు. దాన్ని వెతికి నిర్ధారించే నౌక ఇంతవరకు అటు వెళ్లలేదు. పటం గీసేవారి ముందు ఉన్న ప్రశ్న సులభమైనది: లేని రాయిని ఉంచితే నావికుడు కొంత చుట్టు తిరిగి పోతాడు, ఉన్న రాయిని తీసేస్తే పడవ పోతుంది. అందుకే వారు రాయి వైపే మొగ్గుతారు. లోతు అంకెలను ఎంపిక చేసేటప్పుడు కూడా పక్కపక్కన ఉన్న కొలతల్లో తక్కువ లోతునే ముద్రిస్తారు.

ఈ పద్ధతికి కొన్ని సార్లు నవ్వు పుట్టించే ఫలితాలూ ఉన్నాయి. ఆస్ట్రేలియాకూ న్యూ కాలెడోనియాకూ మధ్య కోరల్ సముద్రంలో శాండీ దీవి అని కొన్ని పటాల్లో ఉండేది. 2012 నవంబర్‌లో సదరన్ సర్వేయర్ అనే పరిశోధన నౌక అక్కడికి వెళ్లి చూస్తే లోతైన నీరు తప్ప ఏమీ కనిపించలేదు. దీనికి విరుద్ధమైన ఉదాహరణ విషాదకరం. 2005 జనవరి 8న యూఎస్‌ఎస్ శాన్‌ఫ్రాన్సిస్కో అనే జలాంతర్గామి గువామ్ దీవికి వందల మైళ్ల దూరంలో, తాను వాడుతున్న పటంలో లేని సముద్ర పర్వతాన్ని ఢీకొంది. ఒక నావికుడు మరణించాడు. ఆ జలాంతర్గామిలోనే ఉన్న ఇతర పటాల్లో ఆ చుట్టుపక్కల ప్రమాదం ఉండవచ్చనే సూచన ఉంది. ఒకే ప్రాంతానికి రెండు సంస్థల పటాలు దొరికితే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఏకీభవించని చోటు మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి.

ప్రశ్న: పటంలోని లోతుకు ఆ వేళ పోటు ఎత్తు కలిపి చూస్తే, మా ఎకో సౌండర్ చూపే అంకెతో ఎప్పుడూ సరిపోవడం లేదు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. పటం తప్పా?

జవాబు: ముందుగా సౌండర్‌ను అనుమానించండి. అది నీటి ఉపరితలం నుంచి కొలుస్తోందా, తన సెన్సర్ ఉన్న చోటు నుంచి కొలుస్తోందా, కీల్ అడుగు నుంచి కొలుస్తోందా అన్నది పరికరంలో ఎవరు ఎలా అమర్చారో దాన్ని బట్టి మారుతుంది. పడవ కొన్నప్పటి నుంచి ఆ అమరికను ఒక్కసారి కూడా చూడనివారు చాలామంది నాకు తెలుసు. నిశ్చలమైన నీటిలో, సీసపు గుండు కట్టిన తాడుతో ఒకసారి కొలిచి సరిచూసుకోండి. పాత పనిముట్టుకు ఇంకా పని ఉంది.

తరువాత పటం ఏ మట్టం నుంచి లోతును లెక్కిస్తోందో చూడండి. చాలా దేశాలు ఖగోళ లెక్కల ప్రకారం నీరు దిగగలిగే అతితక్కువ మట్టాన్ని సున్నాగా తీసుకుంటాయి. అమెరికా పటాలు రోజూ వచ్చే రెండు పాటుల్లో తక్కువదాని సగటును తీసుకుంటాయి. సగటు కాబట్టి కొన్ని రోజుల్లో నీరు దానికంటే కిందికి దిగుతుంది, పటం చెప్పిన లోతు కూడా ఉండదు. పోటు పట్టికలోని అంకె వాతావరణం మామూలుగా ఉన్నప్పటిది. గాలి పీడనం 1 హెక్టోపాస్కల్ పెరిగితే సముద్ర మట్టం సుమారు 1 సెంటీమీటరు దిగుతుంది. పీడనం 1013 నుంచి 1040కి పెరిగిన రోజున పావు మీటరు పైగా నీరు తగ్గిందన్నమాట. ఒడ్డు నుంచి సముద్రం వైపు గట్టిగా వీచే గాలి ఇంకొంత తీసుకుపోతుంది.

పాత పటాలు వాడేవారికి ఒక హెచ్చరిక. 4 అంకె పక్కన కిందుగా చిన్న 2 ఉంటే, మీటర్ల పటంలో అది 4.2 మీటర్లు. ఫాదంల పటంలో అదే గుర్తు 4 ఫాదంల 2 అడుగులు. ఫాదం అంటే మన బార లాంటి కొలతే, 6 అడుగులు. మొత్తం 26 అడుగులు, అంటే 7.9 మీటర్లు. మీటర్ల పటాన్ని ఫాదంల పటమనుకొని చదివితే లేని నీటిని ఉన్నట్లు ఊహించుకుంటారు. అంకె కింద గీత ఉంటే అది లోతే కాదు, పాటు సమయంలో ఆ చోటు నీటి పైకి ఎంత తేలుతుందో చెప్పే ఎత్తు. వంతెనల కింది ఖాళీని మళ్లీ వేరే మట్టం నుంచి, పోటు మట్టం నుంచి కొలుస్తారు. పడవ తెరచాప స్తంభం వంతెన కింద పడుతుందా అన్న లెక్కలో లోతు సున్నాను వాడితే లెక్క తప్పుతుంది.

ఇవన్నీ సరిచూశాక కూడా తేడా మిగిలితే, నేలే మారి ఉండవచ్చు. నదీముఖాల్లోని ఇసుక మెట్టలు ఒక్క తుపానుతో చోటు మారుతాయి. 2016 నవంబర్‌లో న్యూజిలాండ్‌లోని కైకోరా భూకంపం తీరంలో కొంత భాగాన్ని కొన్ని మీటర్ల మేర పైకి లేపింది. అలాంటి చోట్ల ఎంత మంచి సర్వే అయినా ఆ తేదీ వరకే చెల్లుతుంది.

ప్రశ్న: ఉపగ్రహ చిత్రాల్లో పగడపు దిబ్బలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పటాలను పక్కన పెట్టి వాటితోనే వెళ్లకూడదా?

జవాబు: పక్కన పెట్టకండి, పక్కపక్కన పెట్టండి. ఓపెన్‌సీపీఎన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పటాన్నీ ఉపగ్రహ చిత్రాన్నీ ఒకే చోటికి తెచ్చి చూసే వీలుంది. మొదటి ప్రశ్న అడిగినవారి దీవి లాంటి చోట్ల, పటం ఎంత జరిగిందో ప్రయాణానికి ముందే తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. అయితే చిత్రం ఏ రోజు తీసినదో, ఎంత సరిగ్గా అక్షాంశ రేఖాంశాల మీద అతికించారో దాని ముఖం చూసి చెప్పలేం. మబ్బు నీడ దిబ్బలాగా, ముదురు రంగు గడ్డి రాయిలాగా, నీటి మీద మెరుపు ఇసుకలాగా కనిపిస్తాయి. తేటనీటిలో చిత్రాల నుంచి 20, 30 మీటర్ల వరకు లోతును లెక్కించే పద్ధతులు ఉన్నాయి గాని, బురద నీటిలో అవి పనిచేయవు. నీటి అడుగున ఒంటరిగా నిలిచిన సన్నని కొమ్మును అవి చూడలేకపోవచ్చు.

దిబ్బల మధ్యకు వెళ్లే చివరి మైలులో అన్నిటికన్నా పైన ఉండవలసింది మీ కన్ను. ఉదయం పది దాటాక, మధ్యాహ్నం రెండు మూడు గంటల లోపు, సూర్యుడు ఎత్తులో, మీ వెనుక ఉండేటట్లు ప్రవేశించండి. ఒకరు పోలరైజ్డ్ కళ్లద్దాలతో ముందు భాగంలో ఎత్తున నిలబడాలి. ముదురు నీలం లోతు, ఆకుపచ్చ కలిసిన లేత నీలం ఇసుక మీది నీరు, గోధుమ లేదా పసుపు వన్నె తిరిగితే పగడం దగ్గరపడినట్లు. ఎదుటి సూర్యుడితో ఇవేవీ కనిపించవు. లోపలికి వెళ్లిన దారిని ప్లాటర్‌లో భద్రపరచండి. తెల్లవారకముందే గాలి మారి బయటపడవలసి వస్తే, ఆ దారిలోనే వెనక్కి రండి.

ప్రశ్న: పటంలో లేని ఒక రాయిని మేము చూశాం. ఎవరికి చెప్పాలి?

జవాబు: ఆ పటాన్ని ప్రచురించిన దేశపు హైడ్రోగ్రాఫిక్ కార్యాలయానికి. ఇందుకోసం ప్రత్యేకమైన ఫారాలు ఉంటాయి. చూసిన తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు, జీపీఎస్‌లో అమర్చిన డేటమ్, లోతు కొలిస్తే ఎలా కొలిచారో, అప్పుడు పోటు ఎంత ఉందో, సౌండర్ ఎక్కడి నుంచి కొలుస్తుందో రాసి, ఫోటోలూ తెర చిత్రాలూ జతచేయండి. మీ కబురు మొదట ‘రిపోర్టెడ్’ (కబురు అందింది, నిర్ధారణ కాలేదు) అన్న గుర్తుతో పటం మీదికి ఎక్కవచ్చు. మీరు వివరాలు ఎంత సరిగ్గా రాస్తే, దాని పక్కన సందేహపు అక్షరాలు చేరే అవకాశం అంత తక్కువ.